ఈగ కూడా చూడని మర

బోవాదు మేస్త్రీ నోరు తెరిచాడంటే సువామే మెకానిక్కుల షెడ్లలో సుత్తులు ఆగిపోతాయి. పని మానెయ్యడానికి అంతకన్నా మంచి సాకు కుమాసీ ఊళ్ళో లేదు మరి. ఆ పొద్దున మెమునాతు జావ బండి దగ్గర బెంచీ మీద కాళ్ళు బారజాపుకుని, చేతిలో వేడి వేడి అలసందల వడ పట్టుకుని, తను కర్రపెండలం పిండే మర కనిపెట్టిన వైనం మొదలుపెట్టాడు.

ఎదురుగా నోటుబుక్కు తెరుచుకుని కూర్చున్నది సెర్వా. కర్రపెండలంతో గారీ రవ్వ వేయించే ఆడవాళ్ళ సంఘం తరఫున వచ్చింది. తురిమిన పెండలాన్ని గోనెసంచిలో కట్టి, లారీ జాకీతో నొక్కి, గంటలో నీళ్ళన్నీ పిండేసే ఆ మర ఇవాళ ఊరూరా ఉంది. అక్రాలో ఓ కంపెనీ అది తన సొంత బుర్రలో పుట్టిందని నిరుడు పేటెంటుకు దరఖాస్తు పెట్టింది. అది గనక దక్కిందా, ఏ మేస్త్రీ చెయ్యాలన్నా, ఏ ఆడమనిషి వాడాలన్నా వాళ్ళ గడప తొక్కాల్సిందే. దాన్ని ఆపడానికే సెర్వా సాక్ష్యాలు రాసుకుంటోంది. ఆమె పక్కన అఫ్రాకోమా, ముప్ఫై ఏళ్ళుగా గారీ వేయిస్తున్న పెద్దావిడ, జావ ఊదుకుంటూ తాగుతోంది.

"రాసుకో అమ్మాయీ," అన్నాడు మేస్త్రీ. "పన్నెండేళ్ళ కిందట. షెడ్డు తలుపు మూసుకుని మూడు రోజుల్లో చేశాను. ఒక్కణ్ణే."

అంతవరకూ బాగానే ఉంది, సెర్వా రాసుకుంది కూడా. కానీ తన మాట ఎవరైనా రాసుకుంటుంటే మేస్త్రీకి ఇక పగ్గాలుండవు. మొదటి సంచి పెట్టి జాకీ ఒక్క తిప్పు తిప్పాడట, ఆ నీళ్ళకి షెడ్డు ముందు కాలవ పొంగి, పక్క కొట్లో టైర్లన్నీ లారీల అడ్డా దాకా తేలుకుంటూ పోయాయట. మర్నాడు పొరపాటున పాత ఇంజను ఒకటి దాని కింద పడితే, అది పుట్టిన దగ్గర్నించీ తాగిన డీజిలంతా కక్కేసిందట. ఇంజను దాకా ఎందుకు, వాళ్ళ బావమరిది ఊరికే దాని పక్కన నిలబడినందుకే, దాచుకున్న నిజాలన్నీ బయటపెట్టేశాడట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపెనీవాళ్ళు వాసన పట్టారు. ఏడు కార్లలో దిగారు."

దిగితే మేస్త్రీ ఊరుకుంటాడా? పాత నీళ్ళ ట్యాంకరులో మరని దించి, తనూ దూకి, లోపల్నించి మూత వెల్డింగు చేసేసుకున్నాడు. పదకొండేళ్ళు బయటికి రాలేదు. వాళ్ళావిడ రోజూ చిల్లులోంచి గరాటు పెట్టి జావ పోసేదట.

"మరి వడల సంగతో?" అంది మెమునాతు, వ్యాపారస్తురాలు కనక.

"నలిపి పోసేది."

"నీకు నలుగురు పిల్లలు పుట్టింది ఆ పదకొండేళ్ళలోనే కదా మేస్త్రీ," అన్నాడు పక్క షెడ్డు వెల్డరు ఫుసేని. మేస్త్రీకి ఆ మాట వినపడలేదు. తను అలా దాచబట్టే ఆ మర ఇవాళ్టికీ అందరిదిగా మిగిలిందని, ఇందులో తన గొప్పేమీ లేదని వినయంగా ముగించాడు.

"పదకొండేళ్ళూ దాన్ని ఎవరూ చూడలేదా?" అంది సెర్వా.

"ఈగ కూడా చూడలేదు."

సెర్వా పెన్నుకి మూత పెట్టేసింది. పొద్దుట్నించి ఇది ఏడో సాక్ష్యమని చెప్పింది. ఏడుగురూ తామే కనిపెట్టారు, ఏడుగురూ తలుపులు మూసుకునే చేశారు. ఇంకొకరి పని చూసి నేర్చుకున్నానని ఒప్పుకుంటే సువామేలో మేస్త్రీతనం పోతుంది, అదామెకీ తెలుసు. కానీ పేటెంటు ఆఫీసువాళ్ళు అడిగేది ఒక్కటే, కంపెనీ దరఖాస్తు పెట్టకముందే అది నలుగురి కళ్ళ ముందూ ఉందా లేదా అని. దాచిన మరైతే, ముందు వెళ్ళి అడిగినవాడిదే అవుతుంది. మర అసలు పుట్టింది తన పెరట్లోనేనని అఫ్రాకోమా ఒక్కతే చెబితే చాలదు, బయటి మనిషెవరైనా అక్కడ చూసి చేశానని చెప్పాలి. అభ్యంతరం చెప్పే గడువు ఎల్లుండితో సరి.

"ఇవి పట్టుకెళితే మీకు దండలేసేది కంపెనీవాళ్ళే," అంది.

మేస్త్రీ సగం కొరికిన వడని బెంచీ మీద పెట్టేశాడు.

అఫ్రాకోమా గిన్నె కింద పెట్టి, కొంగు ముడిలోంచి ఓ ఫోటో తీసింది. నాలుగేళ్ళ కిందట ఆమె చెల్లెలి అంత్యక్రియలు, మూలన తేదీ కూడా ఉంది. ఎరుపూ నలుపూ బట్టల్లో జనమంతా శవపేటిక వైపు తిరిగి ఏడుస్తున్నారు. వెనక పెరట్లో మర, దాని కింద నుంచి బయటికి రెండు కాళ్ళు.

"అందరూ నా చెల్లెలి కోసం ఏడుస్తుంటే నువ్వు దీని కింద దూరి కొలతలు తీశావు. చూశాను, ఏమీ అనలేదు. అడిగుంటే నేనే చూపించేదాన్ని," అందావిడ. "ఇప్పుడది కంపెనీ చేతికి పోతే మావాళ్ళు మళ్ళీ సంచుల మీదికి బండరాళ్ళు ఎత్తాలి. నా నడుం విరిగింది వాటితోనే. ఆ కాళ్ళు ఎవరివో చెప్పు మేస్త్రీ."

ఫోటోలో మొహం లేదు. కాదంటే సరిపోయేది. కానీ మేస్త్రీకి చెవులు కాలిపోయేంత సిగ్గేసింది. ఆవిడ ఇన్నేళ్ళూ తన కోతలు పక్కనే కూర్చుని విన్నదని తలుచుకుంటే ఇంకా సిగ్గేసింది.

"రాసుకో అమ్మాయీ," అన్నాడు చివరికి, మెల్లగా. "నావే. చూశాను, చూసే చేశాను, బెత్తెడు తేడా లేకుండా." సెర్వా పెన్ను కదలగానే ప్రాణం కాస్త లేచొచ్చింది. "అయితే ఇది కూడా రాయి. ఈ సువామే మొత్తంలో దాన్ని ముందుగా కాపీ కొట్టిన మొనగాణ్ణి నేనే."

ఫుసేని జావ గిన్నె పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఆ ముక్క కొట్టెయ్యమ్మా. అతను మర కింద దూరేసరికే నేను కొలుచుకుని బయటికొచ్చేశాను. అప్పుడతని చేతిలో ఉన్న టేపు నాదే."