నల్లరాతి గుర్రం కళ్లు

1999 ఆగస్టు 2వ తేదీ ఉదయం శ్రీ కొండాచారి గారు పగిడ్యాలలో చిత్రలేఖన ఉపాధ్యాయులుగా ఉద్యోగంలో చేరారు. అదే ఉదయం, ఆళ్లగడ్డ నుంచి వస్తూ, తమ కుంచెల డబ్బాను బస్సులో పోగొట్టుకున్నారు. మొదటి పాఠాన్ని బొగ్గుముక్కతో చెప్పారని ఆనాటి సహోద్యోగులు నేటికీ తలచుకుంటారు.

తరతరాలుగా రాతి విగ్రహాలు చెక్కే కుటుంబంలో పుట్టి, ఉలి విడిచి కుంచె పట్టిన ఆయన 2008లో మా నంద్యాల పాఠశాలకు బదిలీపై వచ్చారు. తెలుగు బోధించే నాకు అప్పటి నుంచి సహోద్యోగి. ఆ ఏడాదే శనివారం చివరి పీరియడుకు ఒక పద్ధతి పెట్టారు. గ్రంథాలయానికి వచ్చిన కొత్త ఫాంటసీ నవలలను బల్ల మీద వరుసగా నిలబెట్టి, లోపలి కథ చదవకముందే, అట్టబొమ్మల మీద పిల్లల అభిప్రాయాలు అడిగేవారు. "బాగుంది" అంటే ఒప్పుకునేవారు కారు. ఏది బాగుందో, ఎందుకు బాగుందో చెప్పాలి.

ఎనిమిదో తరగతిలో ఉన్న మా అమ్మాయి ప్రియదర్శిని ఒక శనివారం, నిప్పులు కక్కే డ్రాగన్ బొమ్మ చూసి లేచి నిలబడింది.

"సారూ, దీన్ని చూస్తే భయమే కాలేదు. పండ్లు తోముకొని ఫొటో దిగను వచ్చినట్టుండాది."

"మరి నువ్వైతే యాడ పెడతావమ్మా దాన్ని?"

"కనపడనీయను సారూ. ఒక గుహ. గుహ బయట ఒంటి చెప్పు. అంతే."

ఆ ఒంటి చెప్పు గురించి ఆయన పన్నెండేళ్లు ప్రతి తరగతికీ చెప్పారు.

ప్రియదర్శిని పెద్దయ్యాక పిల్లల కోసం 'నల్లరాతి గుర్రం' అనే ఫాంటసీ నవల రాసి, అట్టబొమ్మ తమ సారే వేయాలని పట్టుబట్టింది. గుర్రం కనబడి తీరాలని కూడా పట్టుబట్టింది.

"నీ ఒంటి చెప్పు యాడ పాయెమ్మా?"

"ఆ డ్రాగన్ ఎవరిదో సారూ. ఈ గుర్రం నాది."

విగ్రహానికి కళ్లు అన్నిటికన్నా చివర, ప్రతిష్ఠ రోజున తెరవడం ఆయన ఇంటి ఆచారం. అందుకే గుర్రం కళ్లను తెల్లగా వదిలి, నవల రాసిన ప్రియదర్శిని చేతే పెట్టిస్తానన్నారు. 2025 నవంబరు 9, ఆదివారం అనుకున్నారు. జ్వరం నాలుగు రోజులే. ఎనిమిదో తేదీన ప్రియదర్శిని మమ్మల్ని విడిచి వెళ్లిపోయింది.

కొలతల కోసం ఆయన అంతకుముందే పంపిన ఫొటోను ప్రచురణకర్తలు పూర్తయిన బొమ్మే అనుకున్నారు. ఆ సమయంలో మమ్మల్ని అడగడానికి మొహమాటపడి, అలాగే అచ్చు వేశారు. డిసెంబరులో స్టాఫ్ రూములో కట్ట విప్పి, మొదటి ప్రతి తీసి, వెంటనే బోర్లించాను. కొండాచారి గారు దాన్ని తిప్పి చూశారు.

"ఏందీ కృపావతి టీచరమ్మా ఇది? కండ్లు తెరవకుండానే జనంలోకి తోలినారే."

పాఠకులకు ఆ తెల్లని కళ్లే నచ్చాయి. ఈ ఏటి ఫాంటసీ నవలల్లో ఇంతగా ఒళ్లు జలదరింపజేసిన అట్ట మరొకటి లేదని ఒకరు రాశారు. చిత్రకారుడి సాహసమని మరొకరు రాశారు. నేను చదివి వినిపించాను.

"తప్పును మెచ్చుకుంటాండారు" అన్నారాయన. "ఇది ముగియకుండా ఇంకో బొమ్మ యాడ ఎత్తుకునేది?"

అప్పటి నుంచి ఆయన మరో బొమ్మ వేయలేదు. శనివారాలు అట్టలు నిలబెడుతున్నారు, పిల్లలు చెబితే వింటున్నారు.

నవల రెండో ముద్రణ జూన్‌లో ఉంది. కిందటి నెల ఆయన అసలు బొమ్మను మా ఇంటికి తెచ్చి, కుంచె నా ముందు పెట్టారు.

"పాప లేదు. మీరే పెట్టల్ల."

"చర్చికి పోయేదాన్ని, కండ్లు తెరిచే పని నాకేం తెలుసు ఆచారిగారూ?"

"గుర్రానికి మతం లేదులే టీచరమ్మా."

"నా చెయ్యి వణుకుతాది."

"వణకనీ. గుర్రం బెదిరినట్టుంటాది."

నేను కుంచె అందుకోలేదు. ఆయన బొమ్మను మా గోడకు ఆనించి వెళ్లారు.

ఈ ఏప్రిల్ 30న పదవీ విరమణ చేస్తున్న శ్రీ కొండాచారి గారు, సతీమణి కమలాక్షమ్మ గారితో ఆళ్లగడ్డలో సంపూర్ణ ఆరోగ్యంతో, దీర్ఘాయుష్షుతో ఉండాలని, ఎందరో పిల్లల చేతికి కుంచెనిచ్చిన ఆ చేయి మళ్లీ బొమ్మలు వేయాలని మనసారా కోరుకుంటున్నాను. అది నా మీద ఆధారపడి ఉందని నాకు తెలుసు. బొమ్మ మా గోడ దగ్గరే ఉంది. రెండు కళ్లూ ఇంకా పెట్టలేదు.