చెరుకును తూచిన కరెంటు ముల్లు

ఎడపల్లి నుంచి బోధన్ పోయే తొవ్వ మీద, లింబయ్య చాయ్ హోటల్ ముందు, చెరుకు నింపిన ట్రాలీతో ట్రాక్టరు ఆగి ఉంది. ట్రాక్టరు రైతు చంద్రయ్యది. నడిపేది సాయవ్వ కొడుకు దశరథం.

పన్నెండు రోజుల కింద ఇదే ట్రాలీలో లైటు తీగె కాలి చెరుకాకు అంటుకుంది. దశరథం వట్టి చేతులతో గుంజి ఆర్పాడు. అరచేతులకు తోలు ఇప్పుడిప్పుడే వస్తోంది. ఆ తర్వాత నిండు ట్రాలీ తోలడం మళ్లీ ఇవాళే. బోధన్ చేరేలోపు పొద్దు గూకుతుంది, లైట్లు వెయ్యక తప్పదు. కొడుకును పంపాలో, బండి మీంచి దించి ఇంటికి తీసుకుపోవాలో తేల్చుకోవడానికే సాయవ్వ వచ్చింది. ఆ ట్రాలీకి లైటు తీగెలు వేసే మేస్త్రీ ఆత్మారాం అక్కడే బెంచీ మీద ఉన్నాడు. ఈసారి లైట్లకు భయం లేదా అని అడుగుదామనుకుంది. కానీ అతను అప్పటికే కథ ఎత్తుకున్నాడు. గుంజకు ఆనుకొని నిలబడింది.

మొదలుపెట్టడం చిన్నగానే పెట్టాడు. ఈ ట్రాలీకి ఒక చిత్రమైన జబ్బుండేదట. ఖాళీగా పోతే వెనక ఎర్ర లైటు పెళ్లిపందిట్లో లాగా వెలుగుతుంది, చెరుకు నింపితే ఫ్యూజు పోతుంది. కొత్తది వేస్తే అదీ పోతుంది. చెరుకు దింపి వేసిన ఫ్యూజు మాత్రం వారమైనా చెక్కు చెదరదు. నిజామాబాద్ మేస్త్రీలు కూడా వచ్చి చూసి, చాయ్ తాగి పోయారట.

"నేను జేసిందేం లేదు," అన్నాడు సాసర్లోకి చాయ్ ఒంపుకుంటూ. "ట్రాక్టరుకు కరెంటు ముల్లుంటది గదా, గడియారం అసుంటిది, బ్యాటరీలకెల్లి ఎంత పోతుందో సూపెడ్తది. దాని ముంగట కూసొని చెరుకు నింపుమన్న. మోపు పడ్డకొద్దీ ముల్లు జరుగుతుంది. టన్నుకు ఒక గీత. అప్పుడు సమజైంది నాకు. అది కరెంటు సూపెడ్తలేదు, చెరుకు తూస్తుంది."

"కాంటా కొనే పని తప్పింది," అన్నాడు చంద్రయ్య.

ఆత్మారాం ఆ మాట విననట్టే సాగిపోయాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కాంటా మీద నాలుగు టన్నులంటే ముల్లు మీదా సరిగ్గా నాలుగే. ఒకనాడు మాత్రం ముల్లు నాలుగు దాటి వెంట్రుకవాసి ఎక్కువ చూపింది, ఎందుకు చూపిందో తెలుసా, మోపులన్నీ దింపి చూస్తే నడుమ నక్కపిల్ల నిద్రపోతోంది, కాంటాకు దొరకనిది ముల్లుకు దొరికింది. ఇక అక్కణ్నుంచి ముల్లుకు చెరుకు రుచి కూడా తెలిసిపోయిందట. తియ్యటి చెరుకైతే మెల్లగా కదులుతుంది, చప్పటిదైతే మూతి తిప్పుకుంటుంది. చుట్టుపక్కల రైతులు తలా ఒక గడ పట్టుకొని వరస కట్టారట.

"నాకైతె ఆ వరస కనబడకపాయె," అన్నాడు లింబయ్య.

"నువ్వు పండుకున్నవ్," అన్నాడు ఆత్మారాం.

సాయవ్వకు నవ్వొచ్చింది. ఇతని నోట్లో ఏదో ఉంది. ముల్లు కదిలిందంటే కదిలినట్టే కనిపిస్తుంది. పన్నెండు రోజులుగా కండ్ల ముందు ఆ మంట తప్ప ఇంకేదీ లేని ఆమెకు ఇప్పుడు నక్కపిల్ల కనిపించింది.

కథ పోచంపాడ్ చేరింది. అక్కడ డ్యాము కడుతున్న ఇంజనీర్లు జీపేసుకొని వచ్చి, ఆత్మారాం, గోదావరి ఎంత బరువుందో తూచి పెట్టు, లేకుంటే గోడ ఎంత మందం కట్టాలో మాకు తెల్వదు అన్నారట. నదిలోకి తీగె వదిలాడు, ఎడ్లబండి ఇరుసంత ఫ్యూజు వేశాడు, ముల్లు గిర్రున మూడు చుట్లు తిరిగింది. బరువెంతని మాత్రం అడగొద్దు, బయట చెప్పనని ఒట్టేశాడు. ఆ రోజు మిగిలిన కరెంటు పారబొయ్యడం ఎందుకని ఇంటికి తెచ్చి ఈ ట్రాక్టరు ముందు లైట్లకే ఇచ్చాడు, మునిమాపు వేళ ఒక్కసారి వేశాడు, అంతే, ఎక్కడో కమ్మర్‌పల్లిలో ఉడకబెట్టి ఆరబోసిన పసుపు పెళపెళా ఎండిపోయింది, ఎడపల్లి కోళ్లు తెల్లారిందనుకొని దిగొచ్చి రెండోసారి గుడ్లు పెట్టాయి.

హోటలంతా నవ్వింది. ఆత్మారాం సాయవ్వ వైపు తిరిగాడు.

"నువ్వు బుగులు పడకు అక్కా. అసుంటి ముల్లున్న బండి. నీ కొడుకు కండ్లు మూసుకొని నడుపచ్చు."

సాయవ్వ నవ్వు ఆగిపోయింది.

"గీ కథల నా కొడుకు చేతులు ఎప్పుడు కాలినయ్ తమ్మీ?"

ఆత్మారాం సాసరు కింద పెట్టాడు.

"ఫ్యూజు ఊకె పోతుండె," అన్నాడు. "ఆ దినం దాటితె ఫ్యాక్టరోళ్లు చెరుకు తీసుకోరు. కోసిన చెరుకు ఎండిపోతదని, సిగరెట్ డబ్బల వెండి కాయితం మడిచి ఫ్యూజు కాడ పెట్టిన. ఫ్యూజు తెగితె లైటు పోతది, తీగె బతుకుతది. నేను తెగకుంట జేసిన. తీగె కాలింది. తప్పు నాదే."

"ఇప్పుడేం పెట్టినవ్?"

"సన్న ఫ్యూజు తీగె. పెట్టాల్సిందే పెట్టిన."

"మరి చెరుకు నింపితె ఎందుకు పోతుండె?"

జవాబు చంద్రయ్య చెప్పాడు. ముల్లు చెప్పింది ఏమీ లేదట. మొన్న ఆత్మారాం ఖాళీ ట్రాలీ కిందికి దూరి వెల్లకిలా పండుకొని, మీద చెరుకు నింపమన్నాడట. పిచ్చి లేసిందా అని తను వద్దన్నా వినలేదట. నాలుగు టన్నులు ఎక్కేసరికి ఇరుసు మీది స్ప్రింగు కమాన్లు వంగి, అడుగు పలక కిందికి దిగి, తీగెను ఇనుప దూలానికి అదిమిందట, తీగె ఇనుముకు తాకితే ఫ్యూజు పోతుందట. అది కింద ఉన్నోడికే కనబడుతుంది. ఆ తీగె తీసేసి, కొత్తది పక్క నుంచి గొట్టంలో తెచ్చాడు.

"పలక ముక్కుకు జానెడు దూరంల ఉన్నది," అన్నాడు చంద్రయ్య. "కమాను ఇరుగుతె మనిషి లేడు."

సాయవ్వ ఆత్మారాంను కొత్తగా చూసింది.

"గంత పని జేసినోనివి. గిది చెప్పక నక్క ముచ్చట చెప్తవేంది?"

"గది చెప్తె ఎవలింటరు అక్కా," అన్నాడు. "కింద పండుకున్న. బుగులైంది. లేసిన. గంతే గద."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సాయవ్వ కొడుకును లైటు వెయ్యమని, ట్రాలీ వెనక్కి నడిచింది. పైన చెరుకు నిండుగా ఉంది. కింద దీపం ఎర్రగా వెలుగుతోంది. ఇంకాసేపు చూసింది. వెలుగుతూనే ఉంది.

"పో బిడ్డా," అంది.