సారయ్య గారి జేబులో ఇత్తడి బిళ్ల

ఈ రోజు డిసెంబరు పద్నాలుగు, ఆదివారం. పొద్దున్నే మా ఇంట్లో ఒక వింత జరిగింది. పెళ్లిళ్లకు కూడా లుంగీ మీదే వచ్చే మా తాత కొమురెల్లి "బిడ్డా కావ్యా, తెల్లంగి ఇస్త్రీ చెయ్యి, మీటింగుకు నేనూ వస్త" అన్నాడు. అది ఎందుకు వింతో చెప్పే ముందు, సభాధ్యక్షురాలు, మా ప్రిన్సిపాల్ ఉమారాణి మేడం గారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లోని రిటైరైన గని కార్మికులకు, వెనక వరుసల్లో ఈల వేయడానికి సిద్ధంగా ఉన్న నా మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

మనం సన్మానిస్తున్న సారయ్య గారు మన గనిలో బొగ్గు తవ్వి, నాలుగుసార్లు పార్లమెంటుకు గెలిచి, రెండుసార్లు కేంద్రమంత్రి అయి, ఇక చాలనుకుని రాజకీయాలు వదిలి ఇంటికి వచ్చారు. ఢిల్లీలో మీటింగు అయిపోగానే తలుపు దగ్గర నిలబడి, లోపలికి వచ్చినవాళ్లంతా బయటికి వచ్చారా లేదా అని వేలితో లెక్కపెట్టేవారట. అధికారులు దాన్ని క్రమశిక్షణ అనుకున్నారు. గని అలవాటని మనకు తెలుసు. ఈ ప్రసంగం దిద్దిన మా లెక్చరర్ జహీర్ సార్, ఇక్కడ నేను రాసిన ఆరు విశేషణాలు మీరు కొట్టేశారు, మీ మాటే విన్నాను. (నవ్వులు)

అందరినీ లెక్కపెట్టే ఈ మనిషే ఒక్కరోజు తప్పు చేశారు. గనిలోకి దిగేవాళ్లు గేటు పక్కన తలదీపాలు ఇచ్చే దీపాల గదిలో ఇత్తడి బిళ్ల తీసుకోవాలి, పైకి వచ్చాక తిరిగి ఇవ్వాలి. బిళ్ల రాలేదంటే మనిషి లోపలే ఉన్నట్టు. ముప్పై ఆరేళ్ల కింద, నామినేషన్ చివరి రోజున సారయ్య గారు పైకి రాగానే పార్టీ వాళ్లు జీపు ఎక్కించుకుపోయారు, బిళ్ల జేబులోనే ఉండిపోయింది. అదే షిఫ్టులో పనిచేసిన మా తాత, ఆయన లోపలే చిక్కుకున్నారనుకుని మళ్లీ దిగి, పేరు పెట్టి అరుస్తూ నాలుగు గంటలు వెతికాడు. పైకి వచ్చేసరికి ఆయన దండలు వేసుకుని నవ్వుతున్నారని తెలిసింది. ఆ రోజు నుంచి తాత ఆయనతో మాట్లాడలేదు. "ఓటన్నా వేసినవా తాతా?" అంటే, "అది రహస్య ఓటు, నీకెందుకు?" అంటాడు. (నవ్వులు)

కాలేజీ వ్యాసం కోసం నేను ఉత్తరం రాస్తే సారయ్య గారు తన చేతిరాతతో జవాబిచ్చారు: "బిళ్ల ఇంకా నా దగ్గరే ఉంది. కొమురెల్లి ముందట నిలబడే ధైర్యమే లేదు." నిన్న అది తాతకు చదివి వినిపించాను. తాత ఈ రోజు పొద్దున ఇస్త్రీ అడిగాడు.

సార్, బిళ్ల తెచ్చారా?

(సారయ్య గారు జేబులోంచి బిళ్ల తీసి పైకెత్తారు. చప్పట్లు. కొమురెల్లి లేచి నిలబడ్డాడు.)

తాతా, నువ్వు మాట్లాడు, మైకు అక్కర్లేదు, నీ గొంతు చాలు.

"ఏమిరా సారిగా! ముప్పై ఆరేండ్ల షిఫ్టా నీది?"

"ఇప్పుడే పైకొచ్చిన కొమురెల్లీ. ఇగో, తీస్కో."

"నాకెందుకురా? దీపాల గదిల ఇయ్యాలె. రేపు పొద్దున ఆరింటికి గేటు కాడుండు. ఆలస్యం జేస్తే ఈసారి ఎతకను!"

(నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

నా కాగితంలో ఇంకా రెండు పేజీలున్నాయి, వాటి పని ఇక లేదు. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. రేపు ఐదున్నరకే లేచి, ఇద్దరికీ ఫ్లాస్కులో చాయ్ పట్టుకుని నేనూ గేటు దగ్గర ఉంటాను. సెలవు.