అనుమతించు

కర్నూలు పక్కన కల్లూరు. ఆదివారం పొద్దున. వరండాలో కొత్త ఫోను డబ్బా ముందు గోపన్న, ఆయన భార్య శివపార్వతి, కూతురు హర్షిణి.

"జీమెయిలు ఇంటికొకటి చాలంటే వినవేందే? రేషన్ కార్డు ఇంటికొకటే గదా ఇస్తారు!"

"ఇది రేషన్ కార్డు కాదు నాయనా. అమ్మ ఫోను. అమ్మ పేరు మీద ఒకటి చేస్తా, రెండు నిమిషాల పని."

"హర్షిణీ, నువ్వు మధ్యలో రావాకు. నేను మీ అమ్మతో మాట్లాడతాండా. మ్మే పార్వతీ, నా జీమెయిలు ఉండంగా నీకింకోటి ఎందుకు?"

"నీ చెప్పులు ఉండంగా నాకు చెప్పులు ఎందుకు కొన్నావయ్యా?"

"చెప్పులకీ దీనికీ ఏం సంబంధం?"

"నీ కాలికి నీవి, నా కాలికి నావి. పొద్దున్నుంచి ఒకటే మాట చెప్తాండా. జొన్నరొట్టెలు తట్టేది నేను. ఆర్డరు చెప్పేటోళ్లు నాతో చెప్పాల, నా నంబరుకు చెయ్యాల. దానికే ఈ ఫోను కొనుక్కున్నా."

"రెండేండ్ల నుంచి అందరి కాడా ఉండేది నా నంబరు. ఇప్పుడు మారిస్తే గిరాకీ పోతాది. నీకు తెలీదు, దీన్ని మేనేజిమెంటు అంటారు."

"డాక్టరమ్మ ఇరవై రొట్టెలు అడిగితే నువ్వు నాకు నలభై అని చెప్పినావు. అది మేనేజిమెంటా?"

"ఆమె నీళ్లు నములుకుంటా మాట్లాడితే నేనేం చేసేది?"

"పోయిన నెలలో పెండ్లి ఆర్డరు, పెండ్లి అయిపోయినాక చెప్పినావు."

"ఒగసారి మరిచిపోతే జన్మంతా అదే..."

"ఇద్దరూ ఒక్క నిమిషం ఆగుతారా? ఫోను అడుగుతాంది, ఏ భాష కావాలని. అమ్మా?"

"తెలుగు."

"ఇంగ్లీషు పెట్టు. ఇంగ్లీషులో ఉంటేనే ఫోను ఫోను మాదిరి ఉంటాది."

"తెలుగు పెట్టు పాపా. పదో తరగతి నేను తెలుగులోనే పాసయినా."

"పెట్టేసినా. తర్వాత... పాత ఫోను నుంచి ఏమన్నా తెచ్చుకుంటావా అంటాంది."

"నాకు పాత ఫోను యాడుంది? వద్దను."

"వద్దనాకు, వద్దనాకు! నా ఫోను నుంచి తియ్యి. నా దాంట్లో ఉండేది ఉన్నట్టే దీంట్లోకి రావాల. నంబర్లు, ఫోటోలు, పాటలు, అన్నీ. అప్పుడు రెండు ఫోన్లూ ఒగటే. అట్లయితే జీమెయిలు నువ్వు వేరే చేసుకో పో, నేనేమీ అనను."

"అన్నీనా నాయనా? కావాల్సినవే ఎంచుకోవచ్చు."

"అన్నీ అంటే అన్నీ. నా కాడ దాచిపెట్టేది ఏముంది?"

"రొట్టెల గిరాకీ నంబర్లు వస్తాయా పాపా?"

"వస్తాయమ్మా."

"అయితే కానీ. మీ నాయన ఇన్నాళ్లకి ఒగ మంచిమాట చెప్పినాడు."

"చూసినావా! అనుభవం ఉండేటోడు పక్కన ఉంటే ఇట్ల ఉంటాది."

"నీ ఫోను ఇట్లియ్యి నాయనా. రెండింటికీ వైరు కలుపుతా... ఆ, వస్తాండాయి. అది వచ్చేలోపల మనం వేలిముద్ర పెట్టుకుందాం. అమ్మా, బొటనవేలు ఈడ పెట్టు. తియ్యి. మళ్లా పెట్టు. తియ్యి. ఊహూ, రాలేదు. చెయ్యి తుడుచుకో."

"తుడుచుకున్నా."

"ముద్ర కనపడలేదంట."

"యాడ కనపడతాది? ఇరవై ఏండ్ల నుంచి కాలే పెనం మింద రొట్టె తిప్పిన వేళ్లు. ఆధార్ కాడ గూడా ఇదే తంటా."

"జరుగు, నేను పెడతా... చూసినావా! ఒగే దెబ్బకి తీసుకునె. దానికి గూడా తెలుసు ఇంటి యజమాని ఎవరో."

"నాయనా! నీ వేలు ఎందుకు పెట్టినావు?"

"అవసరానికి ఉంటాదిలే. మీ అమ్మ చేతులు పిండిలో ఉంటే ఫోను ఎవరు తెరవాల?"

"అమ్మా, ఎడమచెయ్యి చిటికెనవేలు పెట్టు. దాంతో రొట్టె తిప్పవు గదా. పెట్టు... తియ్యి... ఆ, తీసుకుంది!"

"చిటికెనవేలుతో ఫోను తెరుస్తాదా! నలుగురూ చూస్తే నవ్వుతారే."

"నవ్వనీయయ్యా. తెరుచుకుంటాది గదా. పాపా, అక్షరాలు ఇంత సన్నగా ఉండాయేమి? పొయ్యి కాడ నిలబడితే కనపడాల."

"పెద్దవి చేస్తా. ఇంత చాలా?"

"ఇంకా."

"అంత పెద్దవి పెడితే పక్కింటోళ్లు గూడా చదువుతారు."

"చదవనీ. నేనేమన్నా దొంగ రాతలు రాస్తానా? ఇదేంది, ఏదో అడుగుతాంది."

"ఏం రాసిండాది? అ...ను...మతించు. అనుమతించు అంటే ఏంది?"

"అలౌ నాయనా."

"ఆ, అలౌ! అట్ల ఏడవొచ్చు గదా. తెలుగులో పెడితే ఎవరికీ అర్థం కాదని నేను ముందే చెప్పినా."

"నాకు అర్థమయిందిలే. నా కాడ ఉండే నంబర్లు చూసేదానికి పర్మిషను అడుగుతాంది. అంతేనా పాపా?"

"అంతే. వాట్సాప్ అడుగుతాంది. తర్వాత మైకు. తర్వాత, నువ్వు యాడ ఉండావో తెలుసుకోవచ్చా అంటాంది ఇంకోటి."

"నేను యాడ ఉంటా? పెనం కాడ. తెలుసుకోనీ."

"ఇట్ల ఒక్కోటి చదువుకుంటా కూర్చుంటే తెల్లారుతాది. అలౌ, అలౌ, అలౌ అని కొట్టుకుంటా పోవాల అంతే. రెండేండ్ల నుంచి నేను కండ్లు మూసుకొని అన్నిటికీ అలౌ కొడతాండా. ఏమన్నా అయిందా?"

"నువ్వుండయ్యా. ఈ ఇంట్లో ఏ పనికన్నా నన్ను ఇన్నిసార్లు అడిగినోళ్లు ఉండారా? అడగనీ. చదువుకొని చెప్తా."

"అమ్మా, నాయన ఫోనులోవన్నీ వచ్చేసినాయి. ముందు బొమ్మ ఏం పెట్టాల? ఫోను తెరవంగానే కనపడేది."

"నాది పెట్టు. నీలం చొక్కాది, నా జిరాక్సు అంగడి ఉన్నప్పుడు దాని ముందర తీసుకున్నది."

"పొద్దునలేస్తే నిన్ను చూస్తానే ఉండా గదా, దాంట్లో గూడా ఎందుకు? ఉత్తదే ఉండనీ పాపా, నల్లగా."

"సరే. ఇంక ఆఖరిది. ఫోను వస్తే మోగే పాట. ఏం పెట్టాల?"

"నరసింహసామి పాట ఉంటే పెట్టు."

"నాయన ఫోను నుంచి శానా వచ్చినాయి, చూద్దాం. వీటికి పేర్లు లేవు, అంకెలే ఉండాయి. ఏమో ఇవి... ఇదొకటి నొక్కుతా."

'హలో, జొన్నరొట్టెల శివపార్వతమ్మ వాళ్లేనా? నేను సుబ్బక్కను, కోయిలకుంట్ల నుంచి. మీ కల్లూరులో బస్టాపు కాడ రొట్టెల అంగడి పెడతాండా...'

'చెప్పండమ్మా. నేను ఆమె మేనేజరును.'

"నాయనా, ఇది నీ గొంతు!"

"ఏందది? ఆపు. నా గొంతు దాంట్లోకి ఎట్ల పోయె?"

"నీ ఫోన్లో ప్రతి కాల్ గూడా దానంతటదే రికార్డు అయితాంది. ఎప్పుడో అడిగింటాది, నువ్వు అలౌ కొట్టింటావు."

"ఆపమంటాండా గదా!"

"ఆపాకు పాపా. పాట బాగుండాది."

'మీ ఇంటామె రొట్టెలు ఒగ పెండ్లిలో తిన్నానన్నా. అట్లాంటి చెయ్యి నేను చూడల్యా. నా అంగట్లో తట్టేదానికి ఆరుగురు ఆడోళ్లు ఉండారు. వాళ్లకు పెద్దగా ఉండి అన్నీ చూసుకునే మనిషి కావాల. ఒగసారి ఆమెకియ్యండి.'

'ఆమె ఇంట్లో లేదమ్మా. అహోబిలం పోయింది.'

'ఎప్పుడొస్తాది?'

'కొండ గదమ్మా. చెప్పలేం.'

"నేను అహోబిలం ఎప్పుడు పోయినానయ్యా?"

"పోదామనుకున్నాం గదా..."

"పెండ్లయినప్పటి నుంచి అనుకుంటానే ఉండాం. పాపా, ఇట్లాంటివి ఇంకా ఉండాయా?"

"సుబ్బక్క నంబరువి ఇంకా మూడు ఉండాయమ్మా."

"పెట్టు."

"పార్వతీ, ఎందుకే ఇప్పుడు? పొయ్యి మింద పాలు ఉండాయేమో చూడు."

"పాలు ఎప్పుడో దించినా. పెట్టు పాపా."

'అన్నా, మీ ఇంటామె వచ్చిందా?'

'వచ్చింది గానీ మోకాళ్లు పట్టుకున్నాయమ్మా. మెట్లు శానా గదా. లేస్తే కూర్చోలేదు, కూర్చుంటే లేవలేదు.'

"దీంట్లో తారీకు చూడమ్మా. ఆ రోజు నువ్వు హాస్టలోళ్లకి వంద రొట్టెలు తట్టినావు. నేనే మూటలు కట్టినా."

"తర్వాతది పెట్టు."

'ఏమన్నా, ఆమెతో మాట్లాడినారా?'

'నేను ఎంత చెప్పినా వినదమ్మా. పోయి చూడు, మంచి పని అని బతిమాలినా. ఆమెకే ఇష్టం ల్యా. మొండిది.'

"నాయనా!"

"అరవాకు పాపా. ఇంకోటి ఉండాది గదా."

'అన్నా, సోమవారం అంగడి తెరుస్తాండా. ఆదివారం సాయంత్రం దాకా ఆ పని ఆమె కోసమే ఆపిపెడతా. ఆపైన ఇంకొకరిని చూసుకోవాల్సిందే. ఒక్క మాట చెప్పి చూడన్నా.'

'చెప్తాలేమ్మా. చెప్పకుండా ఉంటానా?'

"ఈరోజేం వారం పాపా?"

"ఆదివారం."

"ఏమయ్యా, ఈ మాట సాయంత్రం దీపం పెట్టినాక చెప్దామనుకున్నావా?"

"పాపా, ఆ వైరు తీసి నా ఫోను నాకియ్యి."

"అడిగితే చెప్పాల గదా."

"ఏం చెప్పేదే? జిరాక్సు అంగడి మూసినాక నాకేముంది? ఆ రొట్టెల ఫోను మోగితేనే నేనొక మనిషిని. నువ్వు ఆ అంగడికి పోతే ఇంటికాడ రొట్టెలు ఉండవు. రొట్టెలు లేకుంటే నాకెవరు ఫోను చేస్తారు?"

"ఆ మాట నాతో చెప్పింటే అయిపోయేది గదా. దానికి నన్ను అహోబిలం కొండ ఎక్కించాల్నా?"

"తప్పేలే. ఒప్పుకుంటాండా."

"పాపా, మీ నాయన వేలు ఎట్ల తియ్యాల?"

"ఫోనులోనా అమ్మా?"

"ఫోనులోనే."

"ఈడ నొక్కితే పోతాది... పోయింది."

"ఓహో, అంత దూరం వచ్చిందా? మోసం చేసినా, అవును. గానీ ఒగ మాట. ఈ రొట్టెలకి పేరు వచ్చింది ఎవరితో? తట్టేదాంట్లో ఏముందే? పిండి, ఉడుకునీళ్లు, చెయ్యి. ఎవరైనా తడతారు. గిరాకీని నిలబెట్టింది నా మాట."

"అట్లనా?"

"మరి? నంబరు నాది, మాట నాది. ఇంటికాడ నేను లేకుంటే ఒగ రొట్టె గూడా గడప దాటదు."

"అట్లనా."

"అట్లనా, అట్లనా అంటాండావేంది? ఏదన్నా ఉంటే తిట్టు."

"తిట్టేదేముంది? పాపా, సుబ్బక్కకి ఫోను కలుపు. అందరికీ వినపడేటట్టు పెట్టు."

'హలో, ఎవరూ?'

"అక్కా, నేను శివపార్వతిని. రొట్టెల శివపార్వతిని."

'అయ్యో తల్లీ, నువ్వేనా! మోకాళ్లు ఎట్లుండాయమ్మా?'

"బాగుండాయక్కా. వాటికి ఎప్పుడూ ఏమీ కాలేదు."

'అంతా నరసింహసామి దయ.'

"అట్లే అనుకో. ఆ పని ఇంకా ఉండాదా?"

'ఉండాది. గానీ నీకు ఇష్టం లేదని మీ ఆయన...'

"ఆయన ఇష్టం ఆయన చెప్పినాడు. నాది నేను ఇప్పుడు చెప్తాండా. రేపు ఎన్ని గంటలకి రావాల?"

'ఆరింటికి పొయ్యి ముట్టిస్తాం. సాయంత్రం నాలుగింటికి ఇంటికి పోవచ్చు. అయితే ఒకటి తల్లీ, ఒగసారి వస్తానన్నాక నడిమధ్యలో మానుకుంటే కష్టం.'

"మానను. షేరాటోలో పది నిమిషాలు. ఇది నా నంబరక్కా, ఇంక దీనికే చెయ్యి. ఉంటా."

"పార్వతీ... రేపు ఆరింటికంటే, హాస్టలోళ్లవి రేపటికి అరవై ఉండాయి! డాక్టరమ్మవి ఉండాయి! నేను అందరికీ సరేనని చెప్పేసినా! వాళ్లకేం చెప్పాల నేను?"

"నువ్వేం చెప్పొద్దు. నేను చెప్తా. పాపా, మనింటోళ్ల గ్రూపులో నన్ను చేర్చినావా?"

"ఇప్పుడే చేర్చినా. అవ్వ, చిన్నాయన, కడప అత్త, అవినాష్ అన్న, అందరూ ఉండారు."

"రాసేదానికి నాకు ఆలస్యమయితాది. మాట పంపొచ్చంట గదా?"

"ఈ మైకు గుర్తు నొక్కి పట్టుకొని మాట్లాడు. వేలు వదిలితే అందరికీ పోతాది. తర్వాత దాన్నే గిరాకీ వాళ్లకి గూడా పంపుతా."

"పార్వతీ, చెప్పేది విను. కోపంలో ఏదీ చెయ్యాకు. రేపొక్కరోజు ఆగు, నిదానంగా కూర్చొని మాట్లాడుకుందాం..."

"నాకేం కోపముందయ్యా? కొంచెం సేపు మాట్లాడాకు, నీ గొంతు దీంట్లోకి గూడా పోతాది. నొక్కినా పాపా. మాట్లాడనా?"

"మాట్లాడమ్మా."

"అందరికీ నమస్కారం. నేను శివపార్వతిని, ఇది నా నంబరు. రేపటి నుంచి నేను కల్లూరు బస్టాపు కాడ సుబ్బక్క రొట్టెల అంగడికి పనికి పోతాండా. ఇంటికాడ రొట్టెలేమీ ఆగవు. ఆర్డర్లు ఎప్పటి మాదిరే ఆయన నంబరుకే చెప్పండి, నంబరు మార్చేది ల్యా. రొట్టెలు గూడా ఆయనే తడతాడు."