పెత్రమాస సీస

జర అటు జరుగు. ఇది పోలీసు ఠాణా బెంచీ, మన మంచం కాదు కాళ్లు చాపుకొని కూసోనీకి. అంతా నీ వల్లనే వచ్చింది. సచ్చిపోయి గూడ మనిషిని నిమ్మలంగ ఉండనియ్యవు గద!

ఏంది గట్ల చూస్తవు? ఇయ్యాల పెత్రమాస. సచ్చినోళ్లందరు ఎవలింటికి వాళ్లు వచ్చి తిని పోయే దినం. నువ్వు డిండోలిల మన ఇంటికి పోయి, తలుపుకు తాళం చూసి, ఆకలికి ఓర్వలేక నన్ను ఎతుక్కుంట వచ్చి ఉంటవు. నాకు ఎరికే. బతికున్నప్పుడు గూడ అన్నం ఒక్క గడియ ఆలస్యమైతె నేసే సాంచెలన్ని బందువెట్టి వచ్చేటోడివి.

తునకల కూర పొయ్యి మీదనే ఉన్నది. గారెల పిండి పులిసిందో ఏమో. నీ బిడ్డ హారతి, పొయ్యి మంట ఆర్పి ఉరికొచ్చింది. అది ఏడ్చిన ఏడ్పుకు తాపీ నది మూరెడు పెరిగింది, ఒట్టు!

ఎందుకంటవా? నీ అల్లుడు లోపల ఉన్నడు. నరహరి. అగో, ఆ కటకటాల ఎనుక గోడకు ఆనుకొని కూసున్నడు చూడు. పొగాకు గూడ ముట్టని మనిషి, మందు కేసుల! ఈ గుజరాత్‌ల మందు బందని నీకు కొత్తగ చెప్పాల్నా? ఇన్నేండ్లు ఈడ సాంచెలు నడిపినవు. ఊరికి పోయినప్పుడే గద నీ గొంతు తడిసేది.

సరే, మొదటికెల్లి చెప్త. ఊకొట్టు.

పెద్దలకు ఏమిష్టమో పెత్రమాసకు అది పెట్టాల్నా, వద్దా? గారెలు పెడ్త, కూర పెడ్త. గా పావు సీస లేకుంటె నువ్వు మొకం తిప్పుకుంటవు. కిందటేడు ఉత్త నీళ్లతోనే సాక పోసిన. ఏమైంది? ఏడాదంత నా మోకాళ్లు కట్టెలై పోయినయి, మిక్సీ కాలిపోయింది, ఎదురింటోళ్ల పిల్లి మన పాలే తాగింది. అదంత నీ కోపం కాక ఏంది?

అందుకని ఈసారి నీ దోస్తు బక్కయ్యకు చెప్పిన. భివండీకెల్లి వచ్చి సలాబత్‌పురాల తన బిడ్డ ఇంట్ల దిగిండు. బట్టల నడుమ ఒక సీస దాసుకొని తెచ్చిండు. పొద్దుగాల నరహరి టెంపోల చీరల మూటలేసుకొని ఆ దిక్కే పోతుంటె, "అల్లుడా, నేను గూడ వస్త, విస్తరాకులు కొనాలె" అని ఎక్కి కూసున్న. ఆకులు కొన్న. సీస తీసుకున్న. నడుముల, కుచ్చిళ్ల ఎనుక బిగించి కట్టుకున్న. అల్లునికి ముచ్చటే తెల్వదు. అబ్బ, ఏమి హుషారు! దుబాయికెల్లి మణుగు బంగారం దాటిస్తున్నట్టు కూసున్న.

తిరుగుదోవల ఉధనా నాకా కాడ, బండ్లు తనిఖీ చేసే తాన, పోలీసులు ఆపిండ్రు.

ఉన్నది ఇద్దరే గని నా కండ్లకు పల్టన్ దిగినట్టయింది. అల్లుడు లైసెన్సు చూపెట్టిండు, బండి కాయితాలు చూపెట్టిండు. అన్ని సక్కగున్నయి. మిగిలిన మూటలు తడిమిండ్రు. చీరలే. అప్పుడు ఒకడు నా దిక్కు చూసిండు. ఉత్తగనే చూసిండు, పాపం. నేనేమో ఇగ నా నడుం పట్టి వెతుకుతరు, నడి రోడ్డు మీద ఇజ్జత్ పోతదనుకున్న. కొంగు సాటుకెల్లి సీసను మెల్లగ జార్చి, అల్లుని సీటు కిందికి తోసిన.

గదే తప్పు. గదే!

ఎందుకో ఎరికేనా? మధ్యాహ్నం సింధూజ కాలేజీకెల్లి ఉరికొచ్చింది. నీ మనుమరాలు వకీలు చదువుతున్నది గద. వచ్చి నా చెవుల ఏం చెప్పిందో ఇను. "అరే అమ్మమ్మా, ఆడమనిషి ఒంటిని ఆడపోలీసే వెతకాలె, అది గూడ మర్యాదగ. మొగోళ్లు చెయ్యి వెయ్యొద్దు. నాకా కాడ లేడీ కానిస్టేబుల్ ఉండెనా?"

ఏడిది? ఇద్దరు మీసాలోళ్లే ఉండిరి.

అంటె నా నడుము ఎవ్వడు ముట్టకపోవు! ఆడపోలీసును పిలిపించేలోపు నేను మూర్ఛొచ్చినట్టు పడి, సూరత్‌నంత గడగడ వణికిద్దును. పదిలంగ ఉన్న సీసను నా చేతులతోని నేనే తీసి అల్లుని కింద పెట్టిన. కోడి తనంతట తనే పోయి కూర కుండల కూసున్నట్టు. కాదు కాదు, తను కూసోలే. పక్క కోడిని కూసోబెట్టింది.

సీస దొరికినంక వాళ్లు అంతా పద్ధతిగనే చేసిండ్రు, లేనిపోనిది ఎందుకనాలె. దారిన పోయే ఇద్దర్ని సాక్ష్యానికి నిలవెట్టిండ్రు. ఫోన్ల వీడియో తీసిండ్రు. ఎందుకు పట్టుకుంటున్నరో అల్లునికి చెప్పిండ్రు, ఇంటికి ఫోన్ చెయ్యనిచ్చిండ్రు. పద్ధతి తప్పింది నా నోరే.

"యే కిస్‌కా హై?" అన్నడు జమాదారు, ఇది ఎవలదని.

ఊకుంటె ఏం పోవు? "సాబ్, మోకాళ్ల నొప్పుల తైలం" అన్న. మూత తీసి వాసన చూసిండు. "కాశీకెల్లి తెచ్చిన గంగ" అన్న. ఆయన నవ్విండు. ఆ నవ్వుకు నాకు అగ్గి లేసింది. "మీరే పెట్టిండ్రు! నా కండ్లార చూసిన! ఆరుగురు మోసుకొచ్చి పెట్టిండ్రు!" అన్న. ఉన్నది ఇద్దరు, పావు సీసను ఆరుగురు మోసుడేంది? అంత వీడియోల పడ్డది.

నరహరి మాత్రం ఒక్క మాట మాట్లాడలే. ముందటి అద్దంలకెల్లి నా దిక్కు ఒక చూపు చూసిండు. నేను వంగింది, తోసింది, అంత ఆ అద్దంల చూసినట్టున్నడయ్యా. ఒక్క వేలు నా దిక్కు చూపెడితె బయటపడు. చూపెట్టలే. సింధూజ అంటది, నోరు మూసుకొని ఉండుడు నాన్న హక్కేనట. నోట్ల నాలిక లేని అల్లుడు దొరికిండని డిండోలి అంతట దండోర వేసింది నేనే గద! ఇయ్యాల ఆ లేని నాలికే నన్ను కాపాడుతున్నది.

ఠాణాకు వచ్చినంక పేర్లడిగిండ్రు. కొమురవ్వ అని చెప్పిన. మొగని పేరన్నరు. నేను నీ పేరు ఎన్నడన్న నోటితోని అన్ననా? కొంగు నోట్ల కుక్కుకున్న. ఆఖరికి సింధూజ చెప్పింది, సోమలింగమని. మొగని పేరు చెప్పెతందుకు సిగ్గుపడ్డది గని, అబద్ధాలాడెతందుకు సిగ్గుపడలే ఈ నోరు.

మరి నిజం అప్పుడే ఎందుకు ఒప్పుకోలే అంటవు. ఆగు, చెప్పనియ్యి.

పిల్ల ఇంకోటి గూడ చెప్పింది. పొద్దుగూకినకాడికెల్లి తెల్లారేదాక ఆడోళ్లను అరెస్టు చెయ్యొద్దట. మరీ తప్పనిసరైతె జడ్జి అనుమతి కావాలె, ఆడ అధికారి ఉండాలె. "వకీలును తీసుకొస్తం, అప్పటిదాక నోరు తెరవకు, తుఝే మేరీ కసం" అని ఒట్టు పెట్టించుకొని, తల్లిని తోలుకొని పోయింది.

నేనేం చేసిన? ఈ వరండల కూసోని పొద్దును చూసుకుంట ఉన్న. పొద్దుగూకినంక ఒప్పుకుంటె నన్ను లోపలెయ్యరు గద! ఏమి తెలివి! సూరత్‌లున్న వకీళ్లందరిని ఒక్క రోట్లేసి దంచినా ఇంత తెలివి రాలదు. ఆ సూర్యుడు సుత గంత మొండోడే. ఆ నీళ్ల ట్యాంకు మీద ఎవడో తాడుతోని కట్టేసినట్టు కూసున్నడు. అల్లుడు లోపల, నేను బయట. నడుమ ఒక్క గడప. లేచి దాటితె ఐపోవు.

లెవ్వలే.

భయమైందయ్యా. ఇందుల నేను కలిపింది ఏం లేదు.

ఆఖరికి పొద్దుగూకింది. డిండోలిల ఆడోళ్లంత ఎంగిలిపూల బతుకమ్మ చుట్టు చప్పట్లు కొడ్తుంటరు; నేను ఠాణాల చేతులు కట్టుకొని నిలవడ్డ. "సాబ్, సీస నాది" అన్న. మంచిగనే మొదలువెట్టిన. కని జమాదారు తల ఎత్తలే. తల ఎత్తకపోతె నా నోరు ఆగుతదా? "ఒక్క సీస కాదు సాబ్, పీపాలకు పీపాలే తెచ్చిన! సగం సూరత్‌కు నేనే తాపుత!" అన్న.

ఆయన కలం కింద పెట్టిండు. "బా," అన్నడు. ఈడ ముసలమ్మలను అట్లనే పిలుస్తరు గద, తల్లీ అన్నట్టు. "పొద్దుగాల తైలమన్నవు. తరువాత గంగ. తరువాత మేమే పెట్టినమన్నవు. ఇప్పుడు పీపాలా? ఇందుల దేన్ని రాసుకోవాలె? అల్లున్ని తప్పిద్దామని ఏ అత్తైనా గిట్లనే అంటది. ఘరే జావ్, బా, ఇంటికి పో. పొద్దుగూకినంక ఆడోళ్లను ఈడ కూసోబెట్టుకోం."

ఇన్నవా? నేను పట్టుకొని కూసున్న హక్కే నన్ను రెక్క పట్టి బయటికి తీసుకొచ్చింది. ఇంటికి పోలేను. లోపలికి పోనియ్యరు.

అప్పుడు లోపటికెల్లి నరహరి పలికిండు. పొద్దటికెల్లి నాతోని అదే మొదటి మాట. "అత్తమ్మా, ఇంటికి పోండ్రి. మామకు అన్నం పెట్టుండ్రి. పొద్దుపోతున్నది."

నీకు అన్నం పెట్టమంటున్నడయ్యా! తను పొద్దటికెల్లి చాయ్ గూడ ముట్టలే.

రేపు కోర్టుకు తీసుకపోతరు. పట్టుకున్న మనిషిని ఒక్క దినం దాటకుంట జడ్జి ముంగట నిలవెట్టాలెనట, అది కాయిద. టెంపో జప్తుల ఉన్నది, అది ఇడిసేదాక ఇంట్ల పొయ్యి ఎట్ల అంటుకుంటదో. సింధూజకు ఇందాక ఫోన్ల అంత చెప్పిన. "అమ్మమ్మా, నువ్వు ఒప్పుకుంటె నిన్ను గూడ లోపలెయ్యొచ్చు. ఆ వీడియో చూసినంక నీ మాట నమ్ముతరో లేదో నేను చెప్పలేను" అన్నది.

ఏస్తె ఏసుకోని. ఈసారి పట్టపగలే చెప్త. కని ఒక్క ముక్క గూడ ఎక్కువ పడొద్దు. అందుకే నిన్ను కూసోబెట్టుకున్న. నువ్వు జడ్జివి. సక్కగ కూసో. ఇను.

"సాబ్, ఆ సీస నాది. సచ్చిపోయిన నా మొగనికోసం ఏడు సముద్రాలు దాటించి..." కాదు.

"సాబ్, ఆ సీస నాది. నా మొగడు కలలకు వచ్చి పులి లెక్క గాండ్రిచ్చిండు, గోడలు పలిగినయి..." థూ!

నవ్వకు. మల్లోపాలి.

"ఆ సీస నాది. భయపడి అల్లుని సీటు కిందికి తోసిన."

ఐపోయింది. గింతే.

చూసినవా ఎంతున్నదో? ఉప్పు లేదు, కారం లేదు. ఇంత సప్పటి మాట నా నోట్లకెల్లి వస్తె ఎవడు నమ్ముతడు? నువ్వు నమ్ముతవా?

ఆఁ... నువ్వు గూడ ఆ జమాదారు లెక్కనే చూస్తున్నవు.