ఒంటి మీది దారం

1988, చలికాలం. గద్వాలలో ఒక నేతగాడి ఇల్లు. తండ్రి మగ్గం ఆపి కుందేలు పెట్టె దగ్గరికి వచ్చాడు. కూతురు పెట్టెకు అడ్డంగా కూర్చుంది.

“లోపల గా తెల్లటి కుప్ప ఏంది? నా పట్టుదారం కొరికి పెట్టింది గదా. రేపే దీన్ని అంగట్ల అమ్మేస్త.”

“పట్టు కాదు నాయినా. జర పట్టి చూడు.”

“అవును, పట్టు కాదు. నూలు గూడ కాదు. పోగు గింత సన్నగుంది, గింత వెచ్చగుంది. యాడిది?”

“దాని బొచ్చే. పొట్ట మీది బొచ్చు నోటితోని పీక్కొని పరిచింది. పొద్దుగాల నుంచి చూస్తున్న.”

“ఎందుకట్ల? రోగమొచ్చిందా?”

“కుప్పల వేలు పెట్టు. మెల్లగ.”

“ఏందో కదులుతుంది.”

“ఐదు పిల్లలు. ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు, కండ్లు గూడ తెరవలే. చలి పెట్టకుండ తల్లి కప్పింది.”

“ముప్పై ఏండ్ల సంది నేస్తున్న బిడ్డా. నాకు ఇయ్యాల్టికీ దారం సేటు ఇయ్యాల్సిందే. ఇది ఎవరినీ అడగలే, ఒంటి మీదిదే తీసింది.”

“మరి రేపు అంగడికి?”

“మన కులపుదాన్ని ఎవరన్న అంగట్ల అమ్ముతరా?”