ఉడకబెట్టిన సూది

హోసూరు బస్టాండు వెనక సందులో ఒక రక్తపరీక్షల ల్యాబు. కుర్చీలో ఆరు నెలల గర్భిణి తమిళ్‌సెల్వి. పక్కన నిలబడి ఆమె అత్త చిక్కమ్మ. ఇద్దరూ అంచెట్టి పక్క పల్లె నుంచి వచ్చారు. ఎదురుగా ప్రవీణ, గుడివాడ నుంచి వచ్చి ఇక్కడ రక్తం తీసే ఉద్యోగం చేస్తున్న పిల్ల.

"మా పక్కింటి కాళమ్మ చెప్పింది పాపా, నేను చెప్పేది కాదు. ఈ జిల్లాలోనే, పోచంపల్లిలో వాళ్ల చెల్లెలు ఉండాది, ఆయమ్మ కండ్లారా చూసిందంట. యాడో ల్యాబులో ఒకటే సూది. ఒకరి చేతిలో గుచ్చేది, తీసేది, తుడిచేది, ఇంకొకరి చేతిలో గుచ్చేది. గోనెసంచులు కుట్టినట్ల."

"అది ఇక్కడ కాదు కదండీ."

"ఈడ అని నేను అన్నానా?"

"అత్తా, అంచెట్టి బస్సు పోతాది."

"పోనీ. బస్సు ఇంకొకటి వస్తాది. కడుపులో ఉండేది ఇంకొకటి వస్తాదా? నువ్వు చెయ్యి లోపల పెట్టుకో మే."

"ఇదిగో చూడండమ్మా. కొత్త సూది. మీ కళ్ల ముందే కవరు చింపుతాను."

"కవరు కొత్తదే. లోపలిది?"

"లోపలిదీ కొత్తదేనండీ."

"మా ఊరి అంగడాయన కొత్త కవర్లో పోయినేడాది బెల్లం అమ్ముతాడు."

"పోనీ, మీరే చింపండి."

"నేనా? నాది పేడ చెయ్యి. ఆవు కింద ఎత్తేసి నేరుగా బస్సెక్కినాను."

"అయితే నేనే చింపుతానండీ."

"చింపు. ఆగు, ఆగు. చేతికి కడతావే, ఆ రబ్బరు పట్టీ. దాని మీద మరక ఏంది?"

"అది... టించరండీ."

"టించరు ఎట్ల ఎండుతాదో మా ఆవు కాలికి పూసి పూసి నాకు తెలుసు. అది నెత్తురు."

"ఏదీ, చూడనివ్వండి."

"నెత్తురే గదా?"

"ఉండండి. వేరేది తెస్తాను."

"చూస్తివా సెల్వీ? అడక్కపోతే ఎవురి నెత్తురో నీ చేతికి."

"అడిగితివి, వేరేది తెచ్చేకి పోయింది. ఇంక ఊరుకో అత్తా. ఆ పిల్ల మొగం చిన్నబోయె."

"చిన్నబోనీ. రేపు ఇంకొకరికి కట్టేటప్పుడు చూసుకొని కడతాది."

"ఇదిగోనండీ, కొత్త పట్టీ. గ్లౌజులు కూడా మార్చాను."

"కోపమా పాపా?"

"లేదండీ. మీరన్నది నిజమే. నేను చూసుకోవాల్సింది."

"మంచి పిల్లవే. అయితే ఒక మాట. నీ సూది నువ్వే పెట్టుకో. మేము తెచ్చుకొన్నాము."

"ఏం తెచ్చుకున్నారు?"

"సూది."

"అత్తా, వద్దని చెప్తిని గదా!"

"నువ్వుండు మే. ఇదో, గాజు గొట్టం సూది. రాజప్పది. మోపెడ్ మీద మా పల్లెలంతా తిరిగి సూదులేస్తాడు. అడిగితే కాదనకుండా ఇచ్చినాడు. రాగి గంజి కాచే గిన్నెలో ఉడకబెట్టి, కొంగుతో తుడిచి తెచ్చినాను."

"ఇది... ఎవరెవరికి వేస్తాడండీ?"

"అందరికీ! అదే గదా గ్యారంటీ. మా వీధిలో ఇది ఎరగని ఒళ్లు లేదు. కొత్తదాని గుణం ఎవురికి తెలుసు?"

"మనిషి మనిషికీ ఉడకబెడతాడా?"

"అన్ని కట్టెలకు యాడ పోతాడు? పొద్దున ఒకతూరి ఉడకబెడతాడు. ఆపైన దూదితో తుడుస్తాడు."

"దాన్ని ఆ ట్రేలో పెట్టేయండమ్మా. మొన మీద చెయ్యి పెట్టకండి. మీ వీధిలో పచ్చకామెర్లు ఎవరికైనా వచ్చాయా?"

"ఎవురికి రాలేదని అడుగు. కాళమ్మకు, జయరామప్పకు, నా కొడుకు సూర్యకు. వానికి వచ్చిందనే గదా డాక్టరమ్మ వాని పెండ్లాన్ని ఈడికి తోలింది. తల్లి నెత్తురులో ఉంటే కాన్పులో బిడ్డకు అంటుతాదంట. అందుకే గదా నేను ఇంత చూసేది, ఊరికేనా?"

"సూర్య గారికి రాజప్ప సూది వేసింది కామెర్లు వచ్చాకా, ముందా?"

"ముందు. ఒళ్లునొప్పులంటే వేసినాడు. నొప్పులు పోయె. కొన్నాళ్లకు కండ్లు పచ్చబడె."

"కాళమ్మ గారికి?"

"ఆయమ్మకు దగ్గుకని వేసినాడు. ముందే."

"జయరామప్ప గారికి?"

"ఆయప్పకూ... ముందే."

"తమిళ్‌సెల్వి గారూ, మీకూ వేశాడా?"

"దాన్ని అడిగేదేంది? వేసినాడు, బలానికి. నేనే పిలిపించినాను. నేను వాకిట్లో ఉంటే లోపల వేసి పోయినాడు."

"వేయలేదు."

"ఏంది సెల్వీ?"

"వేయలేదత్తా. ఆ సూదిని చూస్తానే నాకు వాంతికొచ్చె. దిండుకు వెయ్యన్నా అంటిని. వేసినాడు."

"దిండుకా?"

"నీ దిండుకే."

"మరుసటి రోజు నీ మొగం చూసి, బలం పట్టిందని వీధంతా చెప్పుకొంటిని గదే!"

"చెప్పుకొంటివి."

"పోనీలే, మంచిదాయె. అయితే పాపా, బిడ్డకు ఇంక భయం లేదు గదా?"

"మొగుడి నుంచి కూడా అంటుకోవచ్చండీ. పరీక్ష చేస్తేనే తెలిసేది. ఉందని తెలిసినా, పుట్టగానే బిడ్డకు టీకా, మందు వేస్తారు. తెలియకపోతేనే కష్టం."

"అయితే తియ్యి. నీ సూదితోనే తియ్యి. చెయ్యి చాపు మే, ఇంకా చూస్తావేంది?"

"చాపినాను. అత్తా, నీ మోకాళ్లకు రాజప్ప నెలనెలా వేస్తాడు గదా?"

"వేస్తాడు. అయితే?"

"నాది అయినాక ఈ కుర్చీలో నువ్వు కూర్చో."